రెండు గంటల లోపు

నాచారంలో రేకుల షెడ్ల మధ్య మూడంతస్తుల ల్యాబు ఒకటుంది. దాని రెండో అంతస్తులో, గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. అది రాసింది దోర్కా. ఊపిరి ఆగిన రెండు గంటల లోపు ముక్క ఐసు పెట్టెలోకి చేరాలి అన్నది అందులో మొదటి నియమం. బతికున్న కణాలు నూటికి డెబ్బై కంటే తగ్గితే ఆ నమూనాను తీసెయ్యాలి అన్నది రెండోది. రాసిననాడు ఆమెకు అవి రెండు వాక్యాలు, అంతే. అన్న పోయాక మాత్రం ఆ గోడ పక్క నుంచి తల వంచుకుని నడవటం అలవాటు చేసుకుంది.

అక్కడ జరిగే పని చెప్పుకోవటానికి చిన్నదే. చనిపోయిన మనిషి బతికుండగానే ఒప్పుకుని ఉంటే, ఇంటివాళ్ళు కూడా సరేనంటే, ఊపిరితిత్తి నుంచి బొటనవేలంత ముక్క తీసుకుంటారు. దాన్ని విడదీసి విడదీసి, కణానికి కణం వేరు చేస్తారు. ఒక్కో కణం లోపలా ఆ ఘడియకు అది ఏం చేస్తోందో రాసుకున్న చీటీల్లాంటివి ఉంటాయి, ఆర్‌ఎన్‌ఏ అంటారు. వేల కణాల చీటీలను విడివిడిగా చదివితే ఏ కణం జబ్బుపడిందో, ఏది మిగతావాటికి జబ్బు తెచ్చిపెట్టిందో తెలుస్తుంది. ముక్కనంతా కలిపి రుబ్బి చదివే పాత పద్ధతి, ఊరంతా ఒకేసారి అరుస్తుంటే నిలబడి వినటం లాంటిది. ఇది ఇల్లిల్లూ తలుపు తట్టి అడగటం.

అయితే కణం చచ్చిపోతే దాని గోడ చిరిగిపోతుంది. చీటీలు బయటికి కారి పక్క కణాల చీటీలతో కలిసిపోతాయి. అప్పుడు ఎవరి మాట ఎవరి నోట వస్తోందో దేవుడికే ఎరుక. కంప్యూటరు మాత్రం అన్నీ తెలిసినదాని లాగా రంగురంగుల బొమ్మ గీసి చూపిస్తుంది. ఆ బొమ్మను చూడగానే నమ్మకుండా ఉండటానికే దోర్కాకు జీతమిస్తున్నారు.

మూడేళ్ళలో ఎనిమిది నమూనాలను ఆమె పనికిరావని తీసేసింది. చాయ్ చల్లారేలోపు అయిపోయే పని అది. ఆ ఎనిమిది ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు ఏడుస్తూ సంతకం పెట్టి ఉంటారన్న ఆలోచన ఒక్కరోజూ రాలేదు. తనదాకా వస్తే గానీ తెలియదని పెద్దలు ఊరికే అనలేదు.

అన్న పేరు నతానియేలు. ల్యాబుకు రెండు వీధుల అవతల పలుగురాయిని పొడిచేసే మిల్లులో పదకొండేళ్ళు పనిచేశాడు. పీర్జాదిగూడ నుంచి పొద్దున్నే అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే బండి మీద వచ్చేవాళ్ళు. గేటు ముందు ఆమెను దింపి, పో, పోయి కణాలు లెక్కబెట్టుకో అని నవ్వి, తను రాయి పిండి చెయ్యటానికి పోయేవాడు. సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లగా అయిపోయేవి. ముప్పై నాలుగేళ్ళకే ముసలాడివయ్యావని ఆమె ఎగతాళి చేసేది. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

దగ్గు మొదలయ్యాక మిల్లువాళ్ళు పంపిన డాక్టరు ఎక్స్‌రే చూసి టీబీ అని రాశాడు. ఆ మిల్లు నుంచి దగ్గుతూ వచ్చిన ప్రతివాడికీ ఆయన అదే రాసేవాడు. రాతి దుమ్ము అని రాస్తే మిల్లుకు చిక్కు. టీబీ అని రాస్తే ఎవరికి చిక్కో ఆయనకు అనవసరం. పద్నాలుగు నెలలు నతానియేలు టీబీ మాత్రలు మింగాడు. ఆకలి చచ్చింది, ఒళ్ళు సగమైంది, దగ్గు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మాత్రలు వేసుకుంటున్నాను కదా అని అదే మిల్లుకు, అదే దుమ్ములోకి రోజూ పోయాడు. చివరికి పెద్ద దవాఖానాలో స్కాన్ తీసి, రాతి పొడి పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, ఇక చేయగలిగింది లేదని చెప్పారు. ఆ స్కాన్‌ను దోర్కా తన కళ్ళతో చూసింది. నల్లగా ఉండాల్సిన చోటంతా తెల్లగా ఉంది.

ఇంటికి తెచ్చుకున్నారు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను పెట్టారు. ల్యాబులో ఊపిరితిత్తులనే చదువుతారని, దుమ్ము జబ్బువాళ్ళ నమూనా ఒక్కటీ దొరకలేదని ఆమె ఎప్పుడో మాటల్లో చెప్పింది. అతను దాన్ని పట్టుకున్నాడు. కాగితాలు తెమ్మన్నాడు. ఆమె వారం రోజులు మాట దాటేసింది. అతను వదల్లేదు.

"ఆ డాక్టరు ఒక్క నిమిషం ఆలోచించి రాస్తే నేను మిల్లు బంద్ జేసెటోన్ని," అన్నాడు ఒక సాయంత్రం, మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. "నా లోపట ఏమున్నదో గదే రాయిండ్రి చెల్లె. నా ఎనుక దగ్గెటోళ్ళకన్న అక్కరకొస్తది."

రాస్తాం అన్నా అని ఆమె మాటిచ్చింది. అతను సంతకం పెట్టాడు. కొడుకు అడిగాడు కాబట్టి తల్లి మార్తమ్మ కూడా పెట్టింది.

పెట్టింది గానీ, ఆ కాగితంతో పని పడుతుందని మార్తమ్మ అనుకోలేదు. అప్పటికే ఇంట్లో నలభై రోజుల ఉపవాస ప్రార్థన మొదలైంది. సాయంత్రం కాగానే చర్చి సంఘం వాళ్ళు వచ్చి చాపలు పరుచుకుని స్వస్థత కోసం మొరపెట్టేవాళ్ళు. సంజీవరావు అయ్యగారు పగలంతా ఉప్పల్ బస్సు డిపోలో గుమాస్తా, పొద్దుగూకితే ఆ సంఘానికి కాపరి. మంచివాడు, ఎవరింట్లో కష్టమొచ్చినా పిలవకముందే వచ్చేవాడు. ఆయన మొదటిరోజే ఒక మాట చెప్పాడు. ఈ నలభై రోజులూ ఈ గడప లోపల ఎవరి నోటా చావు మాట రాకూడదు, వస్తే అది అవిశ్వాసం.

కాబట్టి దోర్కా ఆ మాట ఎత్తలేదు. కాగితంలో అన్నీ అచ్చువేసి ఉన్నాయి, నిజమే. కానీ మార్తమ్మ కాగితం చదివే మనిషి కాదు. ఊపిరి ఆగాక రెండే గంటలు గడువని, ఆ కాసేపు ఎవరూ ఎవరి కోసమూ ఆగకూడదని ఆమెకు నోటితో చెప్పాలి. అదొక్కటే దోర్కా చేయాల్సిన పని. కొత్తగా చేరినవాళ్ళకు రోజుకు నాలుగుసార్లు అప్పజెప్పే ముక్క ఇంట్లో ఒక్కసారి చెప్పలేకపోయింది. రేపు చెబుదాం అనుకునేది. రేపు వచ్చాక తల్లి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఉండేది. అమ్మ మనసు నొప్పించటం ఇష్టంలేక ఊరుకున్నానని తనకు తాను నచ్చజెప్పుకునేది.

ప్రార్థన మొదలైన ముప్పై మూడో రోజు, గురువారం పొద్దున పదీ పది నిమిషాలకు నతానియేలు పోయాడు.

దోర్కా తల్లిని పట్టుకోకముందే ఫోను పట్టుకుంది. ఆ సంగతి తరువాత చాలా రోజులు ఆమెను కొరికింది. ముక్క తీసే దవాఖానా నుంచి బండి పదకొండుకు పది నిమిషాలు ఉండగానే వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్‌తో దిగారు. అప్పుడు మార్తమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. బిడ్డను ప్రార్థన లేకుండా ఇంట్లో నుంచి ఎట్లా పంపుతామని అడిగింది. అది ఆ ఇంటి ఆచారం, ఆ వాడ ఆచారం. శవం గడప దాటే ముందు అయ్యగారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాలి. దోర్కా తండ్రి పోయినప్పుడూ అంతే జరిగింది. ఎవరూ కాదనలేదు. దోర్కా కూడా అనలేదు.

అయ్యగారు డిపో నుంచి స్కూటర్ మీద బయల్దేరారు. ఉప్పల్ దాటాక ఫ్లైఓవర్ పనుల దగ్గర ఎప్పటిలాగే బండ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటూ నిలబడ్డాయి. పదకొండుంబావుకు చేరారు. వాక్యం చదివారు, కుదురుగా ప్రార్థించారు, పదకొండున్నరకు ఆమెన్ అన్నారు. దోర్కా తలుపు పక్కన ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు కదిలినా కొద్దిగా అటూఇటూగా గడువులో పడతామని లెక్కవేసింది. బండివాళ్ళకు సైగ చేసింది.

అప్పుడే మార్తమ్మ కొడుకు నుదుటి మీద చెయ్యి వేసి, వాడికిష్టమైన పాట ఒకటి పాడి పంపిద్దాం అయ్యగారూ అంది.

దోర్కా నోరు తెరిచింది. తల్లి చెయ్యి ఆ నుదుటి మీద అటూ ఇటూ కదులుతోంది, జ్వరం చూసినట్టు. ఆ చేతిని చూశాక ఆమె నోరు మూసుకుంది.

పాట మొదలైంది. ఒక్క పాటతో ఆగితే అది చావు ఇల్లెట్లా అవుతుంది? మేడిపల్లి నుంచి మేనత్త వచ్చింది, ఆమె ఒక పాట ఎత్తుకుంది. మిల్లులో పనిచేసేవాళ్ళు నలుగురు వచ్చారు, వాళ్ళలో పెద్దాయన ప్రార్థిస్తానన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. దోర్కా ఒక్కతే కళ్ళు తెరుచుకుని ఫోనులో అంకెలు మారటం చూస్తూ నిలబడింది. అన్న కోసం ఒక్క మాటా ప్రార్థించలేదు. బండి కదిలేసరికి రెండుకు పది నిమిషాలు. దవాఖానాలో ముక్క తీసి ఐసు పెట్టెలో పెట్టేసరికి రెండున్నర. నాలుగు గంటల ఇరవై నిమిషాలు.

ఐసు పెట్టె వెంట ల్యాబుకు వచ్చిన దోర్కాను ఇంటికి పొమ్మని గిరిప్రసాద్ సార్ చెప్పారు. ల్యాబు ఆయనది, కాకినాడ మనిషి, గొంతు పెంచి మాట్లాడటం ఎరగడు. ఆమె పోలేదు. ముక్కను విడదీసే పని తోటి ఉద్యోగి దీప చేసింది. చివరికి ఒక చుక్కలో నీలం రంగు కలిపి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. చచ్చిన కణం గోడ చిరిగి ఉంటుంది కాబట్టి రంగు తాగి నీలంగా మారుతుంది, బతికున్నది తెల్లగా ఉంటుంది. దీప లెక్కపెట్టటానికి కుర్చీ లాక్కుంది. నేను చూస్తాను జరుగు అని దోర్కా కూర్చుంది. నీలం, నీలం, తెలుపు, నీలం. పో, కణాలు లెక్కబెట్టుకో అన్నవాడి కణాలే అవి. మూడుసార్లు లెక్కపెట్టినా తెల్లవి నూటికి నలభై ఒకటే వచ్చాయి.

గోడ మీది కాగితం ప్రకారం కథ అక్కడే అయిపోవాలి. కానీ దుమ్ము జబ్బు నమూనా ఇదొక్కటే కదమ్మా, చదివించి చూద్దాం, పనికిరాకపోతే అప్పుడే తీసేద్దాం అన్నారు సారు. ఆమె తలూపింది. గొట్టం మీద ఎల్-27 అని చీటీ అంటించి, చీకటి పడేలోగా ఇంటికి చేరి, అప్పటికే దవాఖానా నుంచి తిరిగొచ్చిన అన్న పక్కన కూర్చుంది. మర్నాడు సమాధి చేశారు.

ఆరు వారాలకు, ఒక శుక్రవారం, చదివిన ఫలితాలు వచ్చాయి. కంప్యూటరు గీసిన బొమ్మలో, తీసేసినవి పోగా మిగిలిన పందొమ్మిది మంది కణాలు రంగుల గుంపులుగా ఉన్నాయి. ఎల్-27లో ఒక మూల ఇంకెవరిలోనూ లేని గుంపు ఒకటి ఎర్రగా కనిపించింది. గిరిప్రసాద్ సార్ కుర్చీలోంచి లేచారు. ఇదే దుమ్ము జబ్బు కణాల గుంపు కావచ్చని, ప్రపంచంలో ఇంకెవరూ చూసి ఉండరని, పేరు బయటపెట్టలేం గానీ ఈ పేపరు మీ అన్నయ్యదేనని అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి. దోర్కా ఆ ఎర్ర గుంపును వేలితో తడిమి చూసింది. అన్న మాట్లాడినట్టే అనిపించింది. నా లోపట ఏమున్నదో రాయిండ్రి అన్నాడు, ఇదిగో ఉంది.

బొమ్మను చూడగానే నమ్మకూడదని జీతం తీసుకునే మనిషి ఆ రోజు నమ్మేసింది. ఏ పరీక్షా చేయకుండానే ఇంటికి పోయి, చెప్పులు విడవకముందే, అన్న ఇచ్చింది పనికొచ్చిందమ్మా అని చెప్పేసింది. మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. కొడుకు పోయినప్పటి నుంచి సరిగా తినని మనిషి ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళకు మార్తమ్మ లేచి నిలబడింది. దేవుడు నా కొడుకును బతికించలేదని నేను అలిగాను, కానీ వాడి ఊపిరిని ఆయన వృథా పోనివ్వలేదు, పెద్ద చదువులవాళ్ళు ఇన్నాళ్ళూ చూడనిది వాడిలో చూశారు అని చెప్పింది. సంఘమంతా స్తోత్రం అంది. దోర్కా కూడా అంది.

సోమవారం ఆమె పనిలో కూర్చుని, శుక్రవారం చేయాల్సిన పరీక్ష అప్పుడు చేసింది. కణం చావుబతుకుల్లో ఉన్నప్పుడు చీటీలన్నీ కారిపోయి, దాని లోపల శక్తిని పుట్టించే మైటోకాండ్రియా చీటీలు మాత్రమే ఎక్కువగా మిగులుతాయి. అవి నూటికి పదిహేను దాటితే ఆ కణం మాట లెక్కలోకి తీసుకోకూడదని వాళ్ళ గీత. ఎర్ర గుంపులో అవి ఇరవై ఎనిమిది ఉన్నాయి. అయినా ఆశ చావక ఇంకో పని చేసింది. తను తీసేసిన ఎనిమిది నమూనాల్లో ఐదింటిని చదివాకే తీసేశారు. ఆ పాత ఫలితాలు బయటికి తీసి చూసింది. ఆలస్యంగా వచ్చిన మూడింటిలోనూ అదే మూల, అదే గుంపు ఉంది. ఒకరు రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్ళు, ఇద్దరు గుండె ఆగి పోయినవాళ్ళు. వాళ్ళెవరూ రాతి దుమ్ము మొహం చూసినవాళ్ళు కాదు.

అంటే ఆ గుంపు దుమ్ముది కాదు. అది నాలుగు గంటల ఇరవై నిమిషాలది. ఆ పాటలు పాడినంతసేపూ అన్న ఊపిరితిత్తిలో మిగిలిన కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ పెట్టిన కేకలు అవి.

గిరిప్రసాద్ సార్ ఆమె చూపించినదంతా ఓపిగ్గా చూశారు. తరువాత, గీతను ముప్పైకి జరిపితే ఎల్-27 నిలబడుతుందని, ఆలస్యమైన సంగతి కింద చిన్న అక్షరాల్లో రాద్దామని, ఎవరైనా అడిగితే బాధ్యత తనదని మెల్లగా అన్నారు. ఆయన పేపరు కోసం అనలేదు. ఆమె మొహం చూడలేక అన్నారు.

"మా అన్నకు టీబీ అని రాసినాయన గూడ మంచోడే కావొచ్చు సార్," అంది దోర్కా.

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె తన సీటుకు వచ్చి తీసివేతల పట్టిక తెరిచింది. తొమ్మిదో వరుసలో ఎల్-27 అని కొట్టింది. కారణం అన్న గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోనివ్వదు. ఆలస్యం, నాలుగు గంటల ఇరవై నిమిషాలు అని రాసింది. ఎవరి ఆలస్యమో ఆ గడిలో రాయాల్సిన పనిలేదు.

తల్లికి మాత్రం చెప్పలేకపోయింది. ఎట్లా చెబుతుంది? పనికిరాలేదంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఆ పాట దగ్గరికి వచ్చి ఆగుతుంది. కొడుకును పోగొట్టుకున్న మనిషి చేతికి, వాడి ఆఖరి కోరికను పాడుచేసింది నువ్వే అని ఏ కూతురు అందిస్తుంది? ల్యాబులో ఒక్క అబద్ధాన్ని ఉండనివ్వని దోర్కా ఇంట్లో దాన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. తల్లి నెమ్మదిగా కోలుకుంటోంది, పక్కింటివాళ్ళతో మాట్లాడుతోంది. ఇది ఇట్లాగే గడిచిపోతే చాలనుకుంది.

గడిచిపోలేదు. పన్నెండు రోజుల తరువాత శనివారం సాయంత్రం సాలమ్మ వచ్చింది. అదే సంఘం మనిషి, నాలుగిళ్ళ అవతల ఉంటుంది. ఆమె భర్త హెన్రీ నతానియేలుతో కలిసి అదే మిల్లులో పనిచేశాడు. అతనికీ ముందు టీబీ అనే రాశారు, అతనూ ఇప్పుడు మంచం మీదనే ఉన్నాడు. ఆదివారం సాక్ష్యం విని సాలమ్మ ఇంటికి పోయి చెబితే, హెన్రీ తన పేరు కూడా రాయించమన్నాడట. దవాఖానా నుంచి కాగితాలు తెచ్చుకుంది. అవి మడతపెట్టి రవికెలో పెట్టుకుని వచ్చింది. మార్తమ్మ గచ్చు మీద కూర్చుని కొత్త చింతపండులో గింజలు తీస్తోంది. సాలమ్మ ఆమె పక్కనే చతికిలబడి, కాగితాలు దోర్కా చేతిలో పెట్టింది.

సంతకం పెడితే సరిపోతుందా, ఇంకేమన్నా చెయ్యాల్నా బిడ్డా అని అడిగింది.

దోర్కా కాగితాల మడత విప్పింది. కక్కలేదు, మింగలేదు. ఇంకేం లేదు చిన్నమ్మా అనొచ్చు. అంటే హెన్రీ పోయిన రోజున అయ్యగారు రావాలి, పాటలు పాడాలి, మళ్ళీ అదే ఎర్ర గుంపు. పదో వరుసలో హెన్రీ నంబరు తనే కొట్టాలి. చెబితే పక్కన తల్లి కూర్చుని ఉంది. సాలమ్మను పక్కగదిలోకి పిలుద్దామా అని ఒక్క క్షణం అనుకుంది. ఎన్ని గదుల్లోకని పిలుస్తుంది?

"ఊపిరి ఆగంగనే నాకు ఫోన్ జెయ్యి చిన్నమ్మా," అంది. "బండి పంపిస్త. ఎవ్వరి కోసం ఆగొద్దు. రెండు గంటల లోపట ముక్క తియ్యాలె. దాటితే పనికి రాదు."

"మరి అయ్యగారు? ప్రార్థన?"

"తర్వాత."

చింతపండు తీస్తున్న చెయ్యి ఆగింది. మార్తమ్మ తలెత్తలేదు.

"మనోనికి ఎంత సేపయింది?" అని అడిగింది.

దోర్కా అబద్ధం చెప్పగలిగేది. ఒక్క అంకె మారిస్తే చాలు. నోరు రాలేదు. నాలుగు గంటల మీద అయిందమ్మా అంది. సాలమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, మరి అంతసేపయినా మనోనిది పనికొచ్చింది గదా అక్కా, సాక్ష్యం చెబితివి గదా అంది అమాయకంగా. మార్తమ్మ అప్పుడు తలెత్తి కూతురి మొహం చూసింది. ఇంకెవరూ ఆమెకు ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

వీధిలో నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తున్న చప్పుడు, దాని ముందు ఎవరో అరుస్తున్న చప్పుడు వినిపించాయి.

"పనికి రాలే సాలమ్మా," అంది మార్తమ్మ. గొంతు మామూలుగానే ఉంది, అందుకే దోర్కాకు భయమేసింది. "నా కొడుకుది పనికి రాలే. పాట పాడమన్నది నేనే. నువ్వట్ల జెయ్యకు. ముందు పంపియ్యి. తిరిగొచ్చినంక ఎంతసేపన్న పాడుకుందాం, నేను గూడ వస్త. అయ్యగారికి నేనే చెప్త."

సాలమ్మ ఏడుస్తూ మార్తమ్మ చేతులు పట్టుకుంది. తెలియక అడిగానక్కా అంది. మార్తమ్మ ఆమెను లేపి, గుమ్మం దాకా పోయి, కాగితాలు జాగ్రత్త అని చెప్పి సాగనంపింది. వచ్చి మళ్ళీ చింతపండు ముందు కూర్చుంది గానీ గింజలు తీయలేదు.

దోర్కా వచ్చి ఆమె ఎదురుగా కూలబడింది. తప్పు నాదమ్మా, గడువు సంగతి నాకు తెలుసు, నేను నీకు చెప్పలేదు, నువ్వు పాడమన్నప్పుడు కూడా చెప్పలేదు అంది. తల్లి తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకుంది.

"ఎందుకు చెప్పలే బిడ్డా?"

రెండు నెలలుగా ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగానే ఉంది. నలభై రోజుల ప్రార్థన నడుస్తోంది, అయ్యగారు ఆ మాట ఎత్తొద్దన్నారు, నీ మనసు నొప్పించటం ఇష్టంలేకపోయింది. రోజూ తనకు తాను చెప్పుకుని చెప్పుకుని నున్నగా చేసి పెట్టుకున్న జవాబు. చెప్పబోతే నోట్లోంచి రాలేదు. అది నిజం కాదని మొదటిసారి ఆమెకే తెలిసింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని ముప్పై మూడు రోజులు ఎందుకు వాయిదా వేసిందో ఇప్పుడు తెలిసింది.

మార్తమ్మ చింతపండు పక్కకు జరిపింది.

"నువ్వు చదువుకున్నదానివి. స్కాన్ నీ కండ్లతోని జూసినవ్," అంది మెల్లగా. "బతుకుతడని నువ్వు గూడ నమ్మినవా?"

"నమ్మిన అమ్మా," అంది దోర్కా.

మార్తమ్మ చింతపండు అంటిన చేతులతోనే కూతురి తలను ఒడిలోకి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.